అశ్వినులు – మదాసురుడు
(శస్త్రవైద్యమునకును, వ్యసనవైద్యమునకును గల చరిత్ర)



శరీరము ధర్మసాధనములలో మొదటిదని పెద్దలు చెప్పిరి. ఆ శరీరమునకు రెండు విధములైన ఆపదలు కలుగును. ఒకటి వెలుపలనుండి వచ్చునది: గాయము, కణితి, విరిగిన ఎముక, పొర కమ్మిన కన్ను. దీనికి కత్తిపట్టు వైద్యుడు కావలెను. రెండవది మనుజుడు తన చేతితో తానే నోటికి అందించుకొనునది: మద్యము, నల్లమందు మొదలగు మత్తు. దీనికి కత్తి పనికిరాదు. ఈ రెండు చికిత్సల చరిత్రను ఈనాటి ప్రసంగమున విన్నవించెదను. ఇవి వేరువేరు విషయములని తోచును గాని, మన ఇతిహాసము వీనిని ఒకే కథలో ముడివేసినది. ఆ ముడి యెంత గట్టిదో చరిత్రయంతయు చూచినగాని తెలియదు.

చ్యవనోపాఖ్యానము

మహాభారతమున అరణ్యపర్వమందు లోమశమహర్షి ధర్మరాజునకు ఈ కథ చెప్పెను. భృగుపుత్రుడైన చ్యవనుడు పుట్టలో కూరుకొని తపము చేయుచుండగా, శర్యాతి కుమార్తెయగు సుకన్య, మెరయుచున్నవి యేవో తెలియక ఆయన కన్నులను ముల్లుతో పొడిచెను. తరువాత ఆ వృద్ధునికే భార్యయై సేవించెను. దేవవైద్యులైన అశ్వినులు చ్యవనునకు యౌవనము ప్రసాదించిరి. అందుకు ప్రతిగా చ్యవనుడు శర్యాతి యజ్ఞమున అశ్వినులకు సోమపాత్ర నెత్తెను. ఇంద్రుడు అడ్డుపడి, “వీరు వైద్యులు, మనుష్యులలో తిరుగువారు, సోమమునకు అర్హులు కారు” అని వజ్రము నెత్తెను. చ్యవనుడు ఆ బాహువును స్తంభింపజేసి, అగ్నినుండి మదుడను మహాసురుని సృజించెను. వాడు నోరు తెరచి ఇంద్రుని మ్రింగ వచ్చెను. ఇంద్రుడు భయపడి అశ్వినుల సోమార్హతను అంగీకరించెను. అంతట చ్యవనుడు మదుని ఉపసంహరింపవలసి వచ్చి, వానిని నాలుగు భాగములు చేసి నాలుగుచోట్ల నుంచెను: పానము, స్త్రీవ్యామోహము, జూదము, వేట.

ఈ కథలో గమనింపవలసినవి మూడు కలవు. వైద్యునకు గౌరవము లభించిన దినమే వ్యసనమునకును లోకమున చోటు దొరకినది; ఇది మొదటిది. మదుడు చంపబడలేదు, పంచబడెను, కనుక వాడు ఎప్పుడును ఎక్కడనో ఒకచోట మిగిలియే యుండును, ఇది రెండవది. ఇక ఈ కథను వినుచున్నవాడెవడు? జూదములో రాజ్యమును, తమ్ములను, భార్యను ఒడ్డి అడవిపాలైన ధర్మరాజు. లోమశుడు ఆయనను నిందింపలేదు. తీర్థములు త్రిప్పుచు కథ చెప్పెను. ధర్మమూర్తి యనబడినవాడు కూడ వ్యసనమున పడవచ్చునని, పడినవానితో ఎట్లు మాటలాడవలెనో ఋషికి తెలియునని, ఇందువలన గ్రహింపవలెను. ఇది మూడవది.

శ్రుతిలోని రెండు జాడలు

ఋగ్వేద ప్రథమమండలమున కక్షీవంతుడను ఋషి అశ్వినులను స్తుతించుచు, యుద్ధమున కాలు తెగిన విశ్పలకు వారు లోహపు జంఘను అమర్చిరని, గ్రుడ్డివాడైన ఋజ్రాశ్వునకు చూపు నిచ్చిరని కొనియాడెను. దశమమండలమున అక్షసూక్తము కలదు. అందు జూదరి తన దుఃఖమును తానే చెప్పుకొనును. మానుదునని నిశ్చయించుకొనును, పాచికల చప్పుడు విన్నంతనే కాళ్లు అటు నడచును, భార్య విడనాడును, అత్త ద్వేషించును, తల్లిదండ్రులు ఇతనినెరుగమందురు. వ్యసనపరుని లోపలి బాధను ఇంత సూటిగా చెప్పిన ప్రాచీనవాక్కులు లోకమున అరుదు.

అయితే ఒక మాట. స్తోత్రము స్తోత్రమే గాని శస్త్రగ్రంథము కాదు. విశ్పల జంఘను పట్టుకొని నేటి వైద్యమంతయు మాకు పూర్వమే కలదని చాటుట విద్వాంసులకు తగదు. పూర్వులు నిజముగా చేసినదేమో గ్రంథములో ఉన్నంతవరకు చెప్పుకొన్నను మనకు కావలసినంత గౌరవము దక్కును. కావున గ్రంథమునకు వత్తము.

సుశ్రుతుని శస్త్రశాల

ఆయుర్వేదము అష్టాంగములు గలది. అందు శల్యతంత్రమునకు ప్రమాణము సుశ్రుతసంహిత. శస్త్రకర్మలు 8 విధములని ఆ గ్రంథము చెప్పును: ఛేదనము, భేదనము, లేఖనము, వేధనము, ఏషణము, ఆహరణము, విస్రావణము, సీవనము. యంత్రములు 101, శస్త్రములు 20. మన ఓబులదేవరచెరువు పేరులోనే ఓబుళదేవుడు, అనగా అహోబిల నరసింహుడు ఉన్నాడు. ప్రక్కనే కదిరి లక్ష్మీనరసింహుడు వెలసియున్నాడు. ఈ నేలవారికి వినసొంపుగా నుండునని చెప్పుచున్నాను: పట్టుకారులలో మొదట పేర్కొనబడినది సింహముఖము, శస్త్రములలో ఒకదాని పేరు నఖశస్త్రము. అయినను ఇన్ని యంత్రములలో ప్రధానమైనది ఏదనగా, వైద్యుని హస్తమేయని సుశ్రుతుడు నిర్ణయించెను. చేయి లేనిదే యంత్రములు పనిచేయవు గదా!

ఆ చేతికి శిక్షణ ఎట్లు? ఎంత చదివినవాడైనను అభ్యాసము లేనిచో కర్మకు అర్హుడు కాడని చెప్పి, అభ్యాసమునకు ఒక అధ్యాయమునే కేటాయించెను. గుమ్మడి, సొర, పుచ్చ, దోస కాయలపై కోత నేర్వవలెను. నీరు నిండిన తోలుతిత్తులపై చీల్చుట నేర్వవలెను. చచ్చిన పశువుల సిరలపై, తామరతూండ్లపై గ్రుచ్చుట. పురుగు తొలిచిన కఱ్ఱలో, వెదురులో శలాకతో వెదకుట. పనస, బిల్వఫలముల గుజ్జునుండి గింజ తీయుట. మెత్తని బట్ట అంచులపై, పలుచని తోలుపై కుట్లు వేయుట. గుడ్డతో చేసిన బొమ్మకు కట్లు కట్టుట. నేటి వైద్యకళాశాలలలో విద్యార్థులు కృత్రిమచర్మముపై కుట్లు అభ్యసించుచున్నారు. పద్ధతి ఒక్కటే: రోగి దేహము వైద్యునకు మొదటి పలక కాకూడదు.

శరీరపు లోపల తెలియుటకు శవపరీక్షయు చెప్పబడినది. దేహమును గడ్డితో చుట్టి పారు నీటిలో 7 రాత్రులుంచి, మెత్తబడిన పిమ్మట కుంచెవంటి దానితో మెల్లగా రుద్దుచు, పొర వెంట పొర కన్నులార చూడవలెనని విధి. శాస్త్రమున చదివినది, కంటితో చూచినది, ఈ రెండును కలిసినప్పుడే జ్ఞానము పెరుగునని సుశ్రుతుని మతము. గాయపడినవాని గదిలో ఆవాలు, వేపాకు, ఉప్పు, నెయ్యి కలిపి ధూపము వేయుమని కూడ అందు కలదు. ఈ గ్రంథము అబ్బాసీయ ఖలీఫాల కాలమున బాగ్దాదులో అరబ్బీ భాషలోనికి వెళ్లినది.

ఒకే సంహితలో మద్యమునకు రెండు స్థానములు

ఇప్పుడు ముడి దగ్గరకు వత్తము. శస్త్రకర్మకు ముందు రోగికి ఇష్టమైన ఆహారము పెట్టవలెనని, బాధ నోర్వలేనివాడు మద్యపుటలవాటు గలవాడైనచో వానికి తీక్ష్ణమైన మద్యము త్రాగించవలెనని సుశ్రుతసంహిత సూత్రస్థానమున కలదు. అన్నము వలన మూర్ఛ రాదు. మత్తువలన కత్తి తెలియదు. ఇట్లు మద్యము వైద్యునకు సహాయమైనది. అదే సంహిత ఉత్తరతంత్రమున పానాత్యయమను అధ్యాయము పెట్టి, ఆ మద్యమే తెచ్చు రోగములను, వాని చికిత్సను చెప్పినది. బాధను పోగొట్టు వస్తువు తానే బాధయగుట అనునది శస్త్రవైద్యము పుట్టినచోటనే గుర్తింపబడినదన్నమాట.

చరకసంహిత చికిత్సాస్థానమున 24వ అధ్యాయము మదాత్యయచికిత్స. అందలి నాలుగు విషయములు నేటికిని మననము చేయదగినవి.

ఒకటి: మదాత్యయము రోగముగా పరిగణింపబడినది. దోషభేదములచే దాని లక్షణములు వేరుచేసి, ఒక్కొక్కదానికి ఆహారౌషధములు చెప్పబడినవి.

రెండు: మద్యమువలన కలిగిన బాధ, విధిగా, మితముగా వైద్యుడిచ్చు మద్యముచేతనే మొదట శమించునని చెప్పబడినది. ఒక్కసారిగా ఆపినచో దేహము తల్లడిల్లునని వారెరుగుదురు. సూత్రస్థానమునందు కూడ, అలవాటైన అహితమును పాదము చొప్పున, నడుమ దినముల ఎడమిచ్చుచు మానవలెనని నియమము కలదు.

మూడు: కొంతకాలము మానినవాడు తటాలున మరల అతిగా త్రాగినచో ధ్వంసకము, విక్షయము అను రెండు కష్టసాధ్యరోగములు కలుగునని హెచ్చరిక. దీనిని గుర్తుంచుకొనుడు, దీనితో మనకు పనియున్నది.

నాలుగు: మనస్సు కలతపడనిదే ఈ రోగము లేదు గనుక, రోగిని సంతోషపెట్టవలెనని చెప్పబడినది. తోటలు, చల్లని నీటితావులు, ఇష్టమైన మిత్రులు, సంగీతము మొదలగునవి చికిత్సలో భాగములు. ఆ పిమ్మట బలము కలుగుటకు క్షీరప్రయోగము.

విద్య ఎట్లు చేజారినది?

ఇంత విద్య ఎందుకు క్షీణించినది? పరపాలనను నిందించుట సులభము గాని అది సగము సమాధానమే. మన ధర్మశాస్త్రములే వైద్యుని శ్రాద్ధపంక్తిలో కూర్చుండనీయలేదు. అతని అన్నము తినరాదనెను. రక్తము, చీము, శవము తాకువాడు అశుచియను భావము బలపడినది. ఇంద్రుడు అశ్వినులతో అన్న మాటనే మనము మరల మరల అంటిమి. చ్యవనుడు మాత్రము మరల రాలేదు. ఫలితముగా గ్రంథము పండితుని నోట మిగిలినది. కత్తి పండితుడు కానివాని చేతికి చేరినది.

దానికి సాక్ష్యము ఒకటి కలదు. హైదరు, టిప్పుల ఏలుబడిలో మన పెనుకొండ ప్రాంతమును ఉండెను. 1790–92 మధ్య టిప్పుసుల్తానునకును, ఆంగ్లేయ కుంఫిణీకిని జరిగిన యుద్ధములో, కుంఫిణీ సేనకు ఎడ్లబండ్లు తోలు కవాస్జీ అను మహారాష్ట్రుడు పట్టుబడి, ముక్కును, ఒక చేతిని పోగొట్టుకొనెను. పూనా సమీపమున ఇటుకలు చేయు కులమునకు చెందిన ఒకడు అతనికి క్రొత్త ముక్కు చేసెను. మైనముతో ముక్కు అచ్చు పోసి, దానిని చదునుచేసి నుదుటిపై పరచి, గీత గీసి, ఆ కొలతకు నుదుటి చర్మము నెత్తి, కనుబొమల నడుమ అంటు తెగకుండ క్రిందికి మడచి అతికెను. ఇద్దరు ఆంగ్ల వైద్యులు దీనిని చూచిరి. 1794లో లండనులోని జెంటిల్మన్స్ మ్యాగజైన్ పత్రిక దీనిని చిత్రముతో ప్రకటించెను. అది చూచి జోసెఫ్ కార్ప్యూ అను శస్త్రవైద్యుడు ఏండ్లతరబడి శవములపై సాధనచేసి 1814లో లండనులో ఇదే పద్ధతిని ప్రయోగించి, 1816లో గ్రంథము వ్రాసెను. నేటికిని శస్త్రవైద్యగ్రంథములలో నుదుటిచర్మపు పద్ధతికి భారతీయపద్ధతియని పేరు. సుశ్రుతుడు చెప్పినది చెక్కిలిచర్మము. ఈతడు చేసినది నుదుటిచర్మము. అనగా విద్య గ్రంథమునకు వెలుపల కూడ చేతులలో పెరుగుచునే వచ్చినది. ఆ నేర్పరి పేరునైనను మనము నిలుపుకొనలేదు.

మరియొక సాక్ష్యము ఆశ కలిగించునది. మధుసూదన గుప్తుడు కలకత్తా సంస్కృతకళాశాలలో ఆయుర్వేదము బోధించిన పండితుడు, సుశ్రుతసంహితను అచ్చుకెక్కించినవాడు. 1836లో కలకత్తా వైద్యకళాశాలయందు లోకనిందకు వెరువక శవచ్ఛేదనము చేసి, నూతన వైద్యవిద్యకు త్రోవ తెరచెను. సుశ్రుతుని చదివినవాడు సుశ్రుతుడు చెప్పినట్లు చేసెను, అంతకంటె శాస్త్రగౌరవమేమున్నది?

హైదరాబాదులో క్లోరోఫారమ్ పరిశోధన

మద్యము త్రాగించి కోయు కాలము 1846తో ముగిసినది. ఆ సంవత్సరము అక్టోబరు 16న అమెరికాలోని బోస్టను నగరమున మోర్టను ఈథరు పీల్పించి నొప్పిలేని శస్త్రచికిత్సను అందరియెదుట నిరూపించెను. 1847లో ఎడింబరోలో సింప్సను క్లోరోఫారమును ప్రవేశపెట్టెను. తరువాత లిస్టరు 1867లో కార్బాలిక్ ఆమ్లముతో వ్రణశుద్ధిమార్గమును ప్రకటించెను. నొప్పి, చీము అను ఇద్దరు శత్రువులు తగ్గగా శస్త్రవైద్యము లోపలి అవయవములకు చేరగలిగినది.

కాని క్లోరోఫారమ్ పీల్చినవారిలో కొందరు బల్లపైననే ప్రాణము విడుచుచుండిరి. మొదట ఆగునది శ్వాసమా, గుండెయా? ఈ ప్రశ్నకు ఉత్తరము వెదకినది మన తెలుగుదేశమున, హైదరాబాదు నగరమున. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ కాలమున, రెసిడెన్సీ వైద్యుడును, అక్కడి వైద్యపాఠశాలాధిపతియునైన ఎడ్వర్డు లారీ 1888లో మొదటి క్లోరోఫారమ్ కమిషనును నడపెను. లండనులోని లాన్సెట్ పత్రిక సందేహింపగా, నిజాము వేయి పౌండ్ల ధనమిచ్చి, లాడర్ బ్రంటన్ అను పండితుని 1889లో రప్పించి రెండవ కమిషను జరిపించెను. వందలకొలది జంతువులపై ప్రయోగములు చేసి, శ్వాసయే మొదట ఆగును గనుక శ్వాసను కనిపెట్టియుండుడని వారు తేల్చిరి. ఆ కార్యములో పాల్గొనిన రూపాబాయి ఫర్దూన్జీ అను హైదరాబాదు వైద్యురాలు లోకమున మత్తువైద్యము చేసిన తొలి మహిళలలో ఒకరు. ఈ పనులకు నెలవైన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి 1908 మూసీ వరదలో పోయినది.

ఆ తీర్పు మాత్రము పూర్తిగా నిలువలేదు. 1911లో గుడ్మన్ లెవీ అను వైద్యుడు, క్లోరోఫారమ్ తక్కువగా నిచ్చినప్పుడు గుండెయే అదరి ఆగిపోవచ్చునని ప్రయోగముతో చూపెను. శ్వాసను కనిపెట్టవలెననిన ఉపదేశము నిలిచినది; గుండెకు భయము లేదనిన మాట పోయినది. పరిశోధన యనగా ఇట్టిదే. పెద్దలు తేల్చినదానిని కూడ తరువాతివారు పరీక్షింతురు. మన మీమాంసలో పూర్వపక్షము, సిద్ధాంతము ఉన్నట్లే అక్కడను కలవు.

కత్తిపట్టిన చేయియే వణకినప్పుడు

మదాసురుడు వైద్యశాల ద్వారముకడ ఆగలేదు. 1884లో కోలర్ అను వియన్నా వైద్యుడు కొకెయిన్ చుక్కలతో కన్ను మొద్దుబారునని కనుగొనెను. అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ అను మహాశస్త్రవైద్యుడు, అవయవమునకు పోవు నరముకడ కొకెయిన్ ఎక్కించి అంతవరకే మొద్దుబారజేయు పద్ధతిని సాధించెను. ప్రయోగములు తన దేహముపైననే చేసికొనెను. ఫలితముగా కొకెయిన్‌కు బానిసయై ఆసుపత్రిపాలయ్యెను. అది మాన్పించుటకు ఇచ్చిన మార్ఫిన్ జీవితాంతము వదలలేదు. అయినను జాన్స్ హాప్కిన్సు ఆసుపత్రిలో శస్త్రవిద్యకు క్రమమైన శిక్షణ నేర్పరచినది, శస్త్రచికిత్సలో రబ్బరు చేతొడుగుల వాడుకను పాదుకొల్పినది ఆయనయే. ఇంతటి బుద్ధి, ఇంతటి నిష్ఠ గలవాడు తప్పించుకొనలేకపోయెను. మరి బుద్ధిహీనుడు గనుక పడెను అని మనము ఊరివానిని ఎట్లు నిందింపగలము?

రెండవ కథ. అదే అమెరికాలో ఏక్రన్ నగరమందలి రాబర్ట్ స్మిత్ అను శస్త్రవైద్యుడు త్రాగుడుచే చెడి, కత్తి పట్టిన చేయి వణకు స్థితికి వచ్చెను. 1935లో అతనికి బిల్ విల్సన్ అను మరియొక త్రాగుబోతు, అప్పటికి మానియున్నవాడు, తారసిల్లెను. ఇద్దరును ఒకరి కష్టమును ఒకరికి చెప్పుకొని నిలదొక్కుకొనిరి. ఆ సంవత్సరము జూన్ 10న స్మిత్ కడపటిసారి త్రాగెను. ఆ దినమునే తమ సంఘము పుట్టినదినముగా ఆల్కహాలిక్స్ అనానిమస్ వారు ఎంచుదురు. పడి లేచినవాడు పడినవానికి చేయి నిచ్చుటయే వారి పద్ధతి. మన భాషలో దీనిని సత్సంగము అందుము.

మందులును వచ్చినవి. 1948లో డెన్మార్కు పరిశోధకులు డైసల్ఫిరామ్ అను మందు తీసికొన్నవాడు మద్యము ముట్టినచో వికారపడునని కనుగొనిరి. 1965లో డోల్, నైస్వాండర్ అను ఇద్దరు వైద్యులు హెరాయిన్ రోగులకు మెథడోన్ అను మందును కొలతగా ఇచ్చు మార్గము చూపిరి. మన దేశమున మద్రాసులో 1980లో శాంతీ రంగనాథన్ వ్యసనచికిత్సకు ఒక సంస్థ నెలకొల్పిరి. భర్తను ఆ రోగమునకు కోల్పోయిన స్త్రీ ఆమె. హిందూపురమునకు దగ్గరనున్న బెంగుళూరు నిమ్హాన్స్‌లో వ్యసనవైద్యమునకు ప్రత్యేకవిభాగము కలదు.

మన నాట మదుని సంచారము

శాసనముతో మదుని వెడలగొట్టవచ్చునా? మౌసలపర్వమున ద్వారకలో మద్యము చేయరాదని చాటింపు వేసిరి. చేసినవానికి మరణదండన మనిరి. అయినను ప్రభాసతీర్థమున యాదవులు త్రాగి ఒకరినొకరు చంపుకొనిరి. మనకు పొరుగుననున్న చిత్తూరు, కడప జిల్లాలలో 1938 అక్టోబరు 1న మద్యనిషేధము వచ్చినది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు, రోశమ్మ మొదలగువారు, 1991–92లో సారాపై తిరుగబడిరి. వాచకములోని సీతమ్మ కథ వారిని కదలించెను. 1993 అక్టోబరు 1న సారా నిషేధింపబడెను. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను, 1997లో సడలింపబడెను. స్త్రీల కన్నీటి విలువను నేను తగ్గించుట లేదు. అంగడి మూయుట చట్టము పని. అలవాటుపడిన దేహమును, మనస్సును బాగుచేయుట చట్టమునకు చేతకాదని మాత్రము చెప్పుచున్నాను.

తెలంగాణలో జరిగినది చూడుడు. చెట్టు కల్లు చాలక, కొన్నిచోట్ల క్లోరల్ హైడ్రేట్, డయజిపామ్, ఆల్ప్రజోలం అను నిద్రమందులు కలిపిన కల్తీకల్లు అమ్మిరి. క్లోరల్ హైడ్రేట్ 1869లో నిద్రమందుగా వచ్చినది, క్లోరోఫారమునకు చుట్టము. హైదరాబాదులో ఏ జాతి మందును నొప్పి తీర్చుటకు పరీక్షించిరో, ఆ జాతిదే ముంతలోనికి దిగినది. 2015లో అధికారులు కల్తీని అరికట్టగా, నిజామాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతములలో అలవాటుపడినవారు వణకులతో, మూర్ఛలతో, మతిచలించి ఆసుపత్రులకు వచ్చిరి. కల్తీ ఆపుట మంచిపనియే. కాని అలవాటైన అహితమును ఒక్కసారిగా లాగివేసినచో ఏమగునో చరకుడు చెప్పినది కన్నులయెదుట జరిగినది.

మాల వేసికొనువారికి, వారి యింటివారికి

ఇప్పుడు మన యింటి మాట. మన అనంతపురము సీమలో బొమ్మనహాళ్ మండలమందలి ఉంతకల్లు పాండురంగస్వామి సన్నిధిలో మాల వేసికొని మద్యము మానువారు ఎందరో కలరు. అయ్యప్పదీక్ష 41 దినములు పట్టి ముట్టనివారును మన ఊరూర ఉన్నారు. ఇది గొప్ప బలము. చరకుడు చికిత్స త్రివిధమనెను: దైవవ్యపాశ్రయము, యుక్తివ్యపాశ్రయము, సత్త్వావజయము. మాల మొదటిది. మందు, పథ్యము రెండవది. మనస్సును అహితమునుండి మరల్చి నిలుపుట మూడవది. మూడును కలిసినప్పుడే చికిత్స పూర్ణము. ఒకటి పట్టుకొని రెండు విడుచుట శాస్త్రము కాదు.

కావున విన్నపములు మూడు.

మొదటిది. ప్రతిదినము ఉదయముననే త్రాగనిదే చేయి నిలువనివాడు, మాల వేసికొనుటకు ముందు వైద్యుని చూడవలెను. అట్టివాడు తటాలున ఆపినచో రెండు మూడు దినములలో చెమటలు, వణకు, మూర్ఛలు, లేనివి కనబడుట సంభవించును; ప్రాణాపాయము కూడ కలదు. దానిని దయ్యమనియు, మాలకు అపచారమనియు భావించి తాయెత్తు కట్టుచు కూర్చుండరాదు. వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. అచ్చట తగ్గించుచు ఇచ్చు మందులు, బి1 విటమిను ఇచ్చి కాపాడుదురు. చరకుడు చెప్పిన మద్యప్రయోగమును ఇంటిలో ఎవరును స్వయముగా చేయరాదు.

రెండవది. మాల తీసిన దినము మాల వేసిన దినముకంటె ప్రమాదకరమైనది. నలుబది దినములు ఆగిన దాహమును ఒక్క రాత్రిలో తీర్చుకొనువాడు, ధ్వంసక విక్షయములను కోరి పిలుచుకొనుచున్నాడు. దీక్షావిరమణ దినమున అతని యింట నలుగురు పెద్దలు, ముందే మానిన ఒక మిత్రుడు ఉండవలెను. అదియే సత్త్వావజయమునకు ఆరంభము. దేవాలయమువారు మాలధారణమునకు చూపు శ్రద్ధలో సగము, మాలవిరమణ పిమ్మటి వారములకు చూపినచో ఎన్ని సంసారములో నిలుచును.

మూడవది శస్త్రచికిత్సకు సంబంధించినది. ఈ ప్రాంతమువారికి నేడు శస్త్రవైద్యము అందనిది కాదు. పుట్టపర్తి ప్రశాంతిగ్రామమున సత్యసాయి ఉన్నత వైద్యసంస్థను 1991 నవంబరు 22న అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు ప్రారంభించిరి, గుండెకు ఉచితముగా శస్త్రచికిత్స చేయు ఆసుపత్రి పల్లెల నడుమ వెలసినది. ధర్మవరము దాపున బత్తలపల్లిలో గ్రామీణాభివృద్ధి సంస్థవారి ఆసుపత్రి 2000 సంవత్సరమున వచ్చినది. కాని రోగి త్రాగునను మాటను యింటివారు సిగ్గుచేత వైద్యునికి చెప్పరు. శస్త్రము చక్కగా జరుగును. మూడవనాటికి రోగి కలవరించును, కట్లు లాగివేయును, మంచము దిగి పరుగెత్తును. కత్తి తప్పినదని బంధువులందురు. కాని తప్పినది సత్యము. ఏమి త్రాగును, ఎంత త్రాగును, కడపటిసారి ఎప్పుడు త్రాగెను, ఈ మూడును ముందే చెప్పినచో వైద్యుడు ఆ కలవరము రాకుండ జాగ్రత్తపడగలడు. వైద్యునియెదుట దాచుట మర్యాద కాదు, రోగికి ద్రోహము. వ్యసనచికిత్స ఎక్కడ దొరకునో తెలియనివారికి ప్రభుత్వము 14446 అను ఫోనుసంఖ్యను ఏర్పరచినది.

సురాపానమును ధర్మశాస్త్రము మహాపాతకములలో చేర్చినది గదా, దానిని రోగమనుట పాపమును సమర్థించుట కాదా యని కొందరడుగుదురు. కాదు. త్రాగుటకు ముందున్నవానికి చెప్పవలసినది ధర్మశాస్త్రము. త్రాగుడులో మునిగినవానికి అందింపవలసినది వైద్యశాస్త్రము. బావి గట్టున ఆడు పిల్లవానిని గద్దింతుము. బావిలో పడినవానికి త్రాడు వేయుదుము. గట్టునుండి గద్దించుచునే యుండువాడు పెద్ద యెట్లగును? ధర్మరాజును నిందింపక తోడు నడచిన లోమశుని స్మరింపుడు. మనుష్యులలో తిరుగువారు గనుకనే అశ్వినులు పూజ్యులైరని చ్యవనుడు నిలిపిన మర్యాదను, రక్తము తుడుచు ప్రతి చేతికిని, త్రాగుబోతు వాంతి కడుగు ప్రతి తల్లికిని, భార్యకును మనము చెల్లింతము.

అందరికి ఆరోగ్యము, నిర్మలమైన మనస్సు, ఓబుళస్వామి అనుగ్రహము కలుగుగాక.

స్వస్తి.